పళ్లతో బిగించిన ముడి

సినిమా వాళ్లు ఊళ్లోకి దిగేనాటికి జక్కయ్య కల్లంలో మిరపకాయలు ఇంకా రెండెండలు ఆరాల్సి ఉంది. మాచవరం రోడ్డు మీద కారాపి, అద్దం దించి చూసిన డైరెక్టరుకి ఆ ఎరుపు తప్ప ఇంకేమీ కనపడలేదు. ఫైటు ఇక్కడే అన్నాడు. ఆ ఎరుపు వెనక ఒక మనిషి ఏడాది కష్టం ఉందన్న సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినే తీరికలో లేడు.

"తొక్కితే గింజ రాలిద్ది బాబూ. రంగు చెడిద్ది. మిర్చి యార్డులో ఎవుడూ మొహం కూడా చూడడు," అని జక్కయ్య అందరి ముందూ చేతులు తిప్పుతూ చెప్పుకున్నాడు.

వీరాంజనేయులు నవ్వుతూ వచ్చి ఆయన భుజం మీద చెయ్యేశాడు. "నీ కల్లం సినిమాలో పడుద్ది మావా. ఊరికి పేరు." గట్టిగా నొక్కలేదు, బెదిరించలేదు, చెయ్యి అలా వేసి ఉంచాడంతే. ఆ ఊళ్లో ఆ చెయ్యి ఎవరి భుజం మీద పడినా మాట అక్కడితో సరి. జక్కయ్య తలకి గుడ్డ చుట్టుకుని పక్కకి పోయాడు.

కల్లం అంచున ఆడవాళ్లు రంగు చెడిన తాలుకాయలు ఏరుతున్నారు. ఘాటు పడకుండా అందరూ ముక్కులకి గుడ్డలు కట్టుకున్నారు. వాళ్లలో వీరాంజనేయులు చెల్లెలు దీపశ్రీ అటు తిరిగి కూర్చుని ఉంది. శ్రీకర్ అనే అసిస్టెంటు డైరెక్టరు అటుగా పోతున్నవాడల్లా ఆగి, వెనక్కొచ్చి, ఆమె వీపు వంక చూస్తూ నిలబడ్డాడు. ఆడవాళ్లు మోచేతులతో ఒకరినొకరు పొడుచుకున్నారు.

"ఆ అమ్మాయిని ఒకసారి లేచి నిలబడమంటారా?"

హీరోయినుకి డూపుగా రావలసిన పిల్లకి హైదరాబాదులో కాలు మడత పడిందట. పొడుగూ సరిపోయింది, జడా సరిపోయింది. ఆ కబురు వినగానే వీరాంజనేయులు మొహం నల్లబడింది. ఇంట్లో ఆడపిల్ల సినిమాలో కనపడటమేమిటి? శ్రీకర్ ఇలాంటి మొహాలు చాలా చూసినవాడు. "మొహం పడదన్నా. వీపొక్కటే. మీరు ఊ అంటేనే," అన్నాడు. జనం మొత్తం చూస్తుండగా సినిమా మనిషి తనని అన్నా అని, మీరు ఊ అంటేనే అని బతిమాలుతుంటే ఆయనకి కాదనబుద్ధి కాలేదు.

"వీపే గదా. కానీయండి," అన్నాడు.

వ్యాను నీడన కూర్చోబెట్టి శ్రీకర్ ఆమెకి సీను చెప్పాడు. హీరోయిన్‌ది పెద్ద పార్టీ వాళ్ల ఇల్లు. అవతలి పార్టీ కుర్రాణ్ని ప్రేమించింది. ఆమె అన్న మనుషులు కుర్రాణ్ని కల్లంలో పడేసి నరుకుతుంటారు. ఆమె పరిగెత్తుకొచ్చి అడ్డం పడుతుంది. వేటు ఆమె వీపు మీద పడుతుంది. చచ్చిపోతుంది.

"ఎందుకండీ చావటం?" అంది దీపశ్రీ.

"బతికితే ఎటో ఒకటు పోవాలి కదమ్మా. ప్రేమించినవాడితో పోతే అన్న సెంటిమెంటు దెబ్బతింటుంది. అన్న దగ్గర ఉండిపోతే లవ్వు దెబ్బతింటుంది. చచ్చిపోయిందనుకో, రెండూ నిలబడతాయి. హాల్లో రెండు వైపుల వాళ్లూ ఏడుస్తారు."

ఆయన టీ గ్లాసు ఊదుకుంటూ ఎంత మామూలుగా చెప్పాడంటే, దీపశ్రీకి ముందు నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వు చప్పబడింది. ఈ ఊళ్లోనూ చాలామందికి అలాగే సౌకర్యంగా ఉండేదేమో, కిందటి వానాకాలం వచ్చిన జ్వరంలోనే తాను పోయి ఉంటే.

ఆ సాయంత్రం వీరాంజనేయులు భోజనం చేస్తూ చేస్తూ ఆగాడు. భుజం మీది తువ్వాల తీసి మూతి తుడుచుకుని అలవాటుగా దండెం మీదకి విసిరాడు. అది కిందపడింది. దీపశ్రీ తీసి బకెట్లో వేసింది. అన్న తువ్వాలలు ఉతకడం ఆమెకి లంగాలు కట్టే వయసు నుంచీ వచ్చిన పని. ఎన్ని తువ్వాలలున్నాయో, ఏది ఎక్కడ చిరిగిందో ఆయనకి తెలియదు, ఆమెకి తెలుసు.

"శుక్రారం గురజాల కోర్టుకి పోవాలి. గుర్తుందిగా," అన్నాడు.

"ఉందన్నా."

"మన లాయరే అడుగుతాడు. ఏం అడిగినా ఒకటే మాట. ఆ పొద్దు మాపటేల దాకా మా అన్న ఇంట్లోనే ఉన్నాడు, గొడ్లచావిట్లో ఉన్నాడు. అంతే. ఎక్కువ మాట్టాడబాక."

"అట్టాగేలే అన్నా."

ఆమె మనస్ఫూర్తిగానే అంది. కిందటి వానాకాలం కారంపూడి రోడ్డు మీద ముఖాలకి గుడ్డలు కట్టుకున్న మనుషులు మెకానిక్ అక్రంని బండి మీంచి లాగి కుడిచేతి వేళ్లు నరికేశారు. ఎవరో తెలియదు. పోలీసులు అనుమానం మీద వీరాంజనేయుల్ని తీసుకుపోయారు, బెయిలిచ్చి పంపారు. ఆయన ఇంటికి రాగానే చెల్లెల్ని బండెక్కించుకుని నేరుగా కోటప్పకొండ తీసుకుపోయాడు. త్రికోటేశ్వరుడి ముందు అరచేతిలో కర్పూరం వెలిగించి, రెండో అరచేత్తో అదిమి ఆర్పాడు. "నాకు తెలవదే అమ్మాయ్. ఆ సాయిబుల కుర్రోడంటే నాకు కోపమే. కానీ ఈ పని నాది కాదు." కాలిన అరచెయ్యి ఆమె ముందు చాపాడు. నాన్న పోయాక తనని బడికి సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయిన చెయ్యి అది. దానికి ఆమే వెన్న రాసింది. కర్పూరం ఆర్పి చెప్పిన మాటని ఎవరు కాదంటారు? ఆమె నమ్మింది. నమ్మాక ఎంత హాయిగా నిద్రపట్టిందో ఆమెకే తెలుసు.

అక్రం నరసరావుపేట ఆసుపత్రి నుంచి ఎవరి ఫోన్లోంచో ఒక్కసారే మాట్లాడాడు. కారంపూడి బస్టాండు పక్కన షెడ్డులో ఆమె స్కూటీ బాగుచేస్తూ, పెదాల మధ్య స్క్రూ పట్టుకుని, నువ్వంటే ఇష్టమని చెప్పినవాడు. స్క్రూ అడ్డం పడి మొదటిసారి ఆమెకి సగమే వినపడింది, మళ్లీ చెప్పమని ఏడిపించింది. ఆ ఫోనులో మాత్రం ప్రతి మాటా స్పష్టంగా వినపడింది. "మొహం చూళ్లేదు దీపా. చేతికి తువ్వాల చుట్టాడు. ముడి పళ్లతో లాగాడు. ముందు నరకలా. కత్తి తిరగేసి పిడితో మోకాలెనక కొట్టాడు. నే కూలబడి చెయ్యడ్డం పెట్టా. ఆ చేతిని కాలితో తొక్కాడు." చివర్లో, "ఇప్పుడు స్పానరు ఎడం చేత్తో పట్టుకోవటం నేర్చుకుంటన్నా," అన్నాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి ఊరంతా కల్లం చుట్టూ చేరింది. ఫ్యాన్లు పెట్టి గాలి కొట్టిస్తుంటే కారం లేచి అందరూ దగ్గుతున్నారు. ఏడుపు మొహాలకి గ్లిసరిను ఖర్చు తప్పిందని యూనిట్ వాళ్లు నవ్వుకున్నారు. జక్కయ్య మాత్రం తన కాయల మీద పడే ప్రతి బూటునీ చూస్తూ నిలబడ్డాడు. దీపశ్రీకి నీలం ఓణీ కట్టి, వీపున లోపలివైపు ఎర్రరంగు సంచి అతికించి, గొడుగు కింద కూర్చోబెట్టారు.

ముందు నరికే షాటు. హీరోకి డూపు జ్ఞానేశ్వర్, బక్కపలచటి మనిషి, మిరపకాయల్లో నిలబడ్డాడు. రౌడీలు రబ్బరు వేటకొడవళ్లు గాల్లో తిప్పుతూ చుట్టూ గెంతారు. ఫైట్ మాస్టరు కట్ అన్నాడు. మళ్లీ చేయించాడు. మళ్లీ కట్ అన్నాడు. "డాన్సు చేస్తున్నార్రా మీరు. చూసేవాడికి భయం వెయ్యాలి," అని తిట్టాడు.

కుర్చీలో కూర్చున్న వీరాంజనేయులు పెద్దగా నవ్వాడు. "అట్టా కొడితే కోడి కూడా చావదు సార్."

ఊరి జనం గొల్లుమన్నారు. మాస్టరు కోపం తెచ్చుకోలేదు. ఆ మనిషిని కింది నుంచి పైదాకా చూసి, "అయితే మీరు చూపించండన్నా. కెమెరా నడవనీండి," అన్నాడు.

వీరాంజనేయులు లేచాడు. పంచె ఎగ్గట్టాడు. కొడవలి తీసుకుని బరువు చూశాడు. రబ్బరు అలుగు చూసి పెదవి విరిచాడు, చెక్కపిడి మాత్రం నచ్చినట్టు తలాడించాడు. అప్పుడు భుజం మీది తువ్వాల లాగాడు.

"చెమటకి పిడి జారిద్ది సార్. మీవోళ్లు ఇది మరిచిపోతన్నారు."

తువ్వాలని అరచేతికీ పిడికీ కలిపి చుట్టాడు. ఒక కొసని బొటనవేలి కింద నొక్కాడు. రెండో కొసని నోట కరుచుకుని తల పక్కకి విసిరాడు. ముడి బిగిసింది.

దీపశ్రీకి ఒక్కసారిగా గొంతులో కారం పడ్డట్టయి దగ్గొచ్చింది. ఎవరో నీళ్లిచ్చారు. ఆమె తాగలేదు.

"నరకటం తర్వాత సంగతి. ముందు కూలెయ్యాలి," అంటూ వీరాంజనేయులు కొడవలి తిరగేసి పిడితో జ్ఞానేశ్వర్ మోకాలి వెనక ఒక్కటి కొట్టాడు. డూపు మనిషి అయ్యో అనే లోపే మోకాళ్ల మీద కాయల్లో పడ్డాడు. "ఇప్పుడు చెయ్యడ్డం పెడతాడు. ఎవుడైనా పెడతాడు. మనక్కావాల్సింది ఆ చెయ్యే." ఆ చేతిని లాగి నేల మీద పెట్టి మణికట్టు మీద మడమతో తొక్కాడు. రబ్బరు అలుగు వేళ్ల మీద టపటపా దిగింది. ఒక్కోసారి అలుగు, ఒక్కోసారి పిడి. జ్ఞానేశ్వర్ కేక పెట్టాడు. మొదట అందరూ నటన అనుకున్నారు. గోరు చీలి నెత్తురొచ్చింది, నెత్తురులో కారం దిగింది. వాడు ఆ చెయ్యి గుండెకి అదుముకుని కాయల్లో దొర్లుతుంటే, "కట్! బ్రహ్మాండం!" అని మైకులో వినపడింది.

ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. కొట్టనివాళ్లూ కొందరున్నారు. జక్కయ్య నేల చూపులు చూశాడు. పోలీసులు రోజుల తరబడి కూర్చోబెట్టి అడిగినా బయటపడని మనిషి, దేవుడి ముందు కర్పూరం ఆర్పిన మనిషి, కెమెరా పెట్టి అన్నా అని పిలిచేసరికి ఉన్నదంతా విప్పి చూపించాడు. అది తన గొప్పతనం అనుకున్నాడు పాపం. మెడ నిటారుగా పెట్టుకుని, ఎలా ఉంది అన్నట్టు గొడుగు కింద ఉన్న చెల్లెలి వంక చూసి నవ్వాడు కూడా.

అప్పుడు దీపశ్రీకి అక్రం వేళ్లు నరికిన నాటి సాయంత్రం గుర్తొచ్చింది. ఒళ్లు కాలిపోతూ పడుకున్న తనకి నీళ్ల చప్పుడుకి మెలకువ వచ్చింది. అమ్మ మందుబిళ్లల కోసం పోయింది. పెరట్లో తొట్టి దగ్గర అన్న గొంతుక్కూర్చుని తువ్వాల ఉతుక్కుంటున్నాడు. తిన్న కంచం తియ్యని మనిషి సబ్బు రుద్ది రుద్ది ఉతుకుతున్నాడు. "నువ్వెందుకన్నా, నేను ఉతుకుతాగా," అంటే, "పేడ పడిందిలే, నువ్వు పడుకో," అన్నాడు. తర్వాత మంచం దగ్గరకొచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి, "ఇందాకట్నుంచీ చావిట్లోనే ఉన్నా," అని తనంతట తానే చెప్పాడు. ఆ చెయ్యి చల్లగా, తడిగా ఉంది. ఆమెకి హాయిగా అనిపించింది. ఇప్పుడు ఓణీ చెంగుతో ఆ నుదుటిని గట్టిగా తుడుచుకుంది.

"అమ్మాయి రెడీనా?" అని శ్రీకర్ కేకేశాడు.

జ్ఞానేశ్వర్ చేతికి గుడ్డ చుట్టి మళ్లీ కాయల్లో పడుకోబెట్టారు. మాస్టరుకి వీరాంజనేయులు తెగ నచ్చేశాడు, ఆమె వీపు మీద వేటు కూడా ఆయనే వేస్తాడన్నారు. యాక్షన్ అనగానే ఆమె పరిగెత్తింది. కాయలు కాళ్ల కింద పటపటలాడాయి. డూపు మనిషికి అడ్డంగా మోకాళ్ల మీద వాలింది. వీపున వేటు పడింది, సంచి పగిలింది, ఎర్రరంగు నడుం దాకా కారింది. ఇక పడాలి.

ఆమె పడలేదు. మెడ తిప్పి అన్న చేతికున్న ముడిని చూస్తూ ఉండిపోయింది.

"కట్! పడాలమ్మా. వేటు పడగానే వాలిపోవాలి."

ఓణీ మార్చారు, సంచి మార్చారు. మళ్లీ పరిగెత్తింది, మళ్లీ వేటు పడింది, మళ్లీ పడలేదు. ఈసారి లేచి నిలబడింది. చేతులు చాపి, అన్నకి ఎదురుగా, ఆయన కళ్లలోకి చూస్తూ నిలబడింది.

"పడమ్మా! చచ్చిపోవాలి నువ్వు!" అని మైకు అరిచింది. జనంలో నవ్వులు మొదలయ్యాయి.

"పడవే," అన్నాడు వీరాంజనేయులు పళ్ల మధ్య నుంచి. ఆయన మెడ ఎర్రబడింది. "పరువు తియ్యబాక. పడు."

"నేను పడనన్నా."

ఆయనేమీ ఆలోచించలేదు. ఆలోచించి చేసే పని కాదది, చేతికి వచ్చిన పని. ఒక్క అడుగు పక్కకి వేసి, కొడవలి తిరగేసి, పిడితో ఆమె మోకాలి వెనక కొట్టాడు. ప్రాణం మోకాల్లోంచి పోయినట్టయింది. ఆమె ముందుకి కూలి కాయల్లో ముఖం ఆన్చి పడిపోయింది. కళ్లలోకి, ముక్కులోకి కారం పోయింది. అక్రం రోడ్డు మీద ఎలా పడ్డాడో ఆమెకి ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఓకే! సూపరన్నా, సూపర్!" అన్నాడు శ్రీకర్. మళ్లీ చప్పట్లు మోగాయి.

ఇంటికొచ్చాక వీరాంజనేయులు ఆమె జుట్టు పట్టుకుని గోడకి కొట్టాడు. అంతమందిలో మాట విననందుకు. చెంప మీద కొట్టాడు, వీపు మీద కొట్టాడు. తల్లి శేషారత్నం మధ్యలోకి వచ్చి, "ఒరేయ్, చంపుతావేందిరా దాన్ని!" అని ఆయన చెయ్యి పట్టుకుంటే ఆమెనీ ఒక్క తోపు తోశాడు. దీపశ్రీ ఏడవలేదు. చెల్లెలు భయపడి బిగుసుకుపోయిందనే ఆయన అనుకున్నాడు.

చీకటి పడకముందే ఆయన కోపం దిగింది. కొబ్బరినూనె వేడి చేయించుకుని వచ్చి, ఆమె కాలు తన ఒళ్లో పెట్టుకుని, వాచిన మోకాలికి రాశాడు. నిజంగానే బాధపడ్డాడు, అందులో అబద్ధం లేదు. ఆమెకి అదే భరించడం కష్టమైంది.

"చెయ్యి జారిందే అమ్మాయ్. నొప్పిగా ఉందా? రేపొద్దున కట్టు కట్టిస్తాలే. శుక్రారానికి నడవాలిగా."

"నడుస్తాలే అన్నా," అంది.

తువ్వాల దండెం కింద పడి ఉంది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె దాన్ని తియ్యకుండా పక్కనుంచి పోయింది.

సినిమా వాళ్లు తట్టాబుట్టా సర్దుకుని పోయారు. జక్కయ్య చితికిన కాయల్ని విడిగా కుప్ప పోసుకున్నాడు. దీపశ్రీ కుంటుతూనే పనులు చేసుకుంది. రాత్రి పూట అక్రం గురించి కంటే అన్న గురించే ఎక్కువ ఆలోచించింది. నిజం చెబితే ఈ గుమ్మం తొక్కే దారుండదు. అబద్ధం చెబితే ఆ మోకాలి దెబ్బ తానే కొట్టినట్టు. ఎటూ పోకుండా ఉండాలంటే ఆ సినిమా పిల్ల లాగా చావాలి. చావడానికి ఆమెకి ఏ కోశానా ఇష్టం లేదు.

శుక్రవారం గురజాల కోర్టు వరండాలో అక్రం గోడకి చేరబడి ఉన్నాడు. కుడిచెయ్యి జేబులో ఉంది. ఆమెని చూసి, కుంటడం చూసి, ఏమైందన్నట్టు కళ్లతో అడిగాడు. వీరాంజనేయులు మధ్యలో నిలబడ్డాడు. భుజాన తెల్లటి తువ్వాల. అది శేషారత్నం ఉతికింది.

బోనెక్కి ప్రమాణం చేయమంటే చేసింది. అన్న తరఫు లాయరు మర్యాదగా అడిగాడు, "ఆ రోజు సాయంత్రం మీ అన్నగారు ఎక్కడున్నారమ్మా?"

"నాకు జొరమండి. పడుకున్నా. ఎక్కడున్నాడో నాకు తెలవదు."

లాయరు ఆమె వినలేదేమో అనుకున్నట్టు మళ్లీ అడిగాడు. "ఇంట్లోనే, గొడ్లచావిట్లో ఉన్నారు కదా?"

"అట్టా చెప్పమన్నాడండి. నేను మెలకువొచ్చి చూసేతలికి తొట్టి కాడ కూకోని తువ్వాల ఉతుక్కుంటన్నాడు."

"తువ్వాల ఉతుక్కుంటే ఏముందమ్మా అందులో," అని లాయరు నవ్వబోయాడు. సర్కారు లాయరు అప్పటిదాకా కాగితాలు తిరగేస్తున్నవాడు లేచి నిలబడ్డాడు. అక్రం వాంగ్మూలంలో ఉన్న తువ్వాల ఆయనకి గుర్తొచ్చింది. "మీ ఇంట్లో ఆయన బట్టలు ఎవరు ఉతుకుతారమ్మా?" అన్నాడు.

"నేనేనండి. ఊహ తెలిసిన కాణ్నుంచీ నేనే. మా అన్న తువ్వాల మా అన్నే ఉతుక్కోవటం నేను ఆ ఒక్క పొద్దే చూశానండి."

కోర్టు హాల్లో వెనక వరసలో ఎవరి కేసుకో వచ్చిన ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముద్దాయిల బోనులో వీరాంజనేయులు చెయ్యి మెల్లగా భుజం మీదికి పోయింది. తువ్వాల తీశాడు. ఏం చెయ్యాలో తోచక దాన్ని ఉండచుట్టి పిడికిట్లో పట్టుకున్నాడు. ఆ కళ్లలో కోపం ఇంకా రాలేదు. తన కాలి కింద నేలను ఎవరు లాగారో పోల్చుకుంటున్నట్టు చెల్లెలి వంక చూస్తున్నాడు.

ఇక దిగమన్నారు. మెట్టు దిగుతుంటే వాచిన మోకాలు ఒక్కసారి మడత పడింది. ఆమె ముందుకి తూలింది. అక్రం వరండాలో గుమ్మం దగ్గర ఉన్నాడు, దూరం. అందేంత దగ్గర్లో ఉన్నది వీరాంజనేయులే. చిన్నప్పుడు సైకిలు మీంచి దించేటప్పుడు చాపినట్టే ఆయన చెయ్యి బోనులోంచి దానంతట అది ముందుకొచ్చింది.

"జాగర్తే అమ్మాయ్, పడతావు!"

దీపశ్రీ ఆ చేతిని చూసింది. పక్కనున్న చెక్క కమ్మీని రెండు చేతులా పట్టుకుని నిలదొక్కుకుంది.

"పడనులే అన్నా," అంది.